వంశగౌరవము, వంశఋణము

ధనము తండ్రినుండి కొడుకునకు సంక్రమించునపుడు లోకము కొన్ని ప్రశ్నలు వేయును. ఆ ధనమెట్లు వచ్చినది? దానిపై అప్పులేవైన కలవా? ఉన్నచో వాని నెవరు తీర్చవలెను? ఆస్తిని గ్రహించినవాడు దానితోకూడ వచ్చిన ఋణమును సైతము గ్రహింపవలెనని మన ధర్మశాస్త్రములు విధించినవి. కాని సంక్రమించునది గౌరవమైనపుడు ఈ ప్రశ్నలు వేయువారు మిక్కిలి యరుదు. తాతగారి పల్లకిలో ఊరేగువానికి తాతగారి ప్రతాపము జ్ఞప్తికి వచ్చునుగాని, ఆ పల్లకి మోసిన బోయీల భుజములు జ్ఞప్తికి రావు. గౌరవమునకు ఋణము లేదా? ఉన్నచో అది ఎవరికి చెల్లవలెను? జన్మవలన వచ్చినదానిని ఒక్క మాటతో విడిచిపెట్టుట సాధ్యమా?

ఈ ప్రశ్నలను ఆధారములేక గాలిలో నిలిపి చర్చించుటకంటె, ఒక వంశముయొక్క చరిత్రను ముందుంచుకొని చర్చించుట మేలని మా యభిప్రాయము. ఫ్రాన్సు దేశపు నొవాయ్ వంశము అందులకు మిక్కిలి తగినది. గౌరవము నార్జించుట, దానిని పెంచుట, సభామధ్యమున త్యజించుట, దానికొరకే శిరస్సు నర్పించుట, తుదకు దాని ఋణమును తీర్పయత్నించుట అను నైదు దశలును ఈ యొక్క కుటుంబమున కానవచ్చుచున్నవి.

ఫ్రాన్సునకు నైఋతిభాగమున లిమూజాన్ అను ప్రాంతము కలదు. అచ్చట బ్రీవ్ పట్టణమునకు సమీపముననున్న నొవాయ్ అను చిన్న గ్రామము, దాని కోటయు ఈ వంశమునకు పేరిచ్చినవి. పదునారవ శతాబ్దివరకు వీరు ఆ సీమలో గౌరవముగల కుటుంబీకులే కాని దేశమంతట ప్రసిద్ధులు కారు. ఆంత్వాన్ ద నొవాయ్ 1553 మొదలు 1556 వరకు ఇంగ్లాండున ఫ్రెంచి రాయబారిగా నుండెను. అతని తమ్ముడు ఫ్రాన్స్వా, దాక్స్ పట్టణపు బిషప్పు, వెనీసునందును కాన్‌స్టాంటినోపుల్ నందును రాయబారము నడపెను. వీరిరువురు బుద్ధిబలముచేత పైకివచ్చినవారే యని యొప్పుకొనవలెను. వంశవృక్షమునకు మొదటి నీరు పోసినది సామర్థ్యమే.

కాని చెట్టు పెరిగిన పిమ్మట దానికి నీరు వేరొకచోటనుండి వచ్చినది. రాజుగారి అంగరక్షక దళములలో మొదటిదాని నాయకత్వము ఈ కుటుంబమున స్థిరపడి తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చెను. 1663లో పదునాలుగవ లూయీ ఈ వంశమునకు డ్యూకు బిరుదము నొసగెను. రెండవ డ్యూకు ఆన్ జూల్ 1693లో మార్షల్ అయ్యెను. అతని సోదరుడు 1695లో పారిస్ ఆర్చిబిషప్పును, 1700లో కార్డినలును అయ్యెను. మూడవ డ్యూకు ఆద్రియా మోరీస్ 1698లో రాజుగారి యంతరంగమున సర్వాధికారము చెలాయించుచుండిన మేంతెనాన్ దొరసానియొక్క మేనకోడలిని, ఆమె వారసురాలిని, పెండ్లాడెను. 1734లో మార్షల్ అయ్యెను. అతని కుమారులు లూయీ, ఫిలిప్ అను నిరువురు 1775లో ఒకేసారి మార్షల్ పదవి నందిరి. ఎనుబదిరెండు సంవత్సరములలో ఒక్క యింట నలుగురు మార్షళ్ళు! దేశమునందలి శౌర్యమంతయు ఒక్క కుటుంబముననే పుట్టుచున్నదని నమ్మువాడెవడు? ప్రతిభ ఇంత క్రమముగా వారసత్వమున దిగిరాదు. రాజానుగ్రహమే యట్లు దిగివచ్చును.

ఆ యనుగ్రహమునకు వెల యేమి? ఒక్క యుదాహరణము చాలును. 1685లో రాజు ప్రొటెస్టెంటుల మతస్వాతంత్ర్యమును రద్దుచేసెను. అప్పుడు లాంగ్‌డాక్ సీమలో రాజప్రతినిధిగా సైన్యమును నడపుచుండినవాడు ఈ ఆన్ జూల్ దొరయే. ప్రొటెస్టెంటుల యిండ్లలో సైనికులను దింపుట, ఇంటివారు మతము మార్చుకొనువరకు వారి యన్నము తినుచు, వారి సామగ్రిని నాశనము చేయుచు, వారిని హింసించుచు నుండుట ఆనాటి పద్ధతి. నేతపనివారు, వర్తకులు, రైతులు నట్లు లొంగిరి. లొంగనివారు దేశము విడిచి పారిపోయిరి. ఎనిమిదేండ్లకు దొరగారికి మార్షల్ దండము లభించెను. ఆ దండమును గోడపై నలంకారముగా చూచుకొనిన మనుమలకు, దానికి వెనుకనున్న ఆ యిండ్లు కనబడియుండునా? ఋణము పుట్టుచోటు ఇదియే. గౌరవము పత్రములయందు వ్రాయబడును. దాని ఖర్చు ఎచ్చటను వ్రాయబడదు.

ఇక త్యాగఘట్టమునకు వత్తము. 1789 జూలై నెలలో ఫ్రాన్సునందలి పల్లెలు మండుచుండెను. రైతులు ప్రభువుల కోటలపై బడి, తమ వెట్టిచాకిరికిని కప్పములకును ఆధారమైన దస్తావేజులను తగులబెట్టుచుండిరి. ఆగస్టు 4వ తేదీ సాయంకాలము వెర్సాయ్‌లో జాతీయసభ సమావేశమయ్యెను. శాంతిస్థాపనమునకై యొక ప్రకటన సిద్ధమగుచుండగా ముప్పదిమూడేండ్ల యువకుడొకడు లేచి నిలిచెను. అతడు మార్షల్ ఫిలిప్‌యొక్క రెండవ కుమారుడు, వైకౌంటు లూయీ మారీ ద నొవాయ్. అమెరికా స్వాతంత్ర్యసమరమున పోరాడి, 1781లో యార్క్‌టౌన్‌లో ఆంగ్లసేన లొంగిపోయినప్పుడు షరతులు నిర్ణయించిన వారిలో నొకడు. ప్రజలు అడుగుచున్నది ప్రకటనలను కాదు, భారనివారణమును అని యతడు వాదించెను. అతడు చేసిన ప్రతిపాదనలు నాలుగు: పన్నులను అందరును ఆదాయమునుబట్టి చెల్లింపవలెను, ప్రభుత్వభారములను అందరును సమముగా మోయవలెను, భూస్వామ్యపు కప్పములను గ్రామములు తగిన వెల యిచ్చి విడిపించుకొనవచ్చును, వెట్టిచాకిరియు, మనుష్యుని దేహమునకు సంబంధించిన ఇతర దాస్యములును వెల యక్కరలేకయే రద్దు కావలెను.

ఆ మాటతో సభ కదలిపోయెను. ఫ్రాన్సున గొప్ప భూస్వాములలో నొకడైన ఎగియాన్ డ్యూకు వెంటనే సమర్థించెను. అర్ధరాత్రము దాటువరకు ఒకరిపై నొకరు లేచి వేటహక్కులను, స్వంత న్యాయస్థానములను, చర్చి దశమభాగములను, పట్టణముల ప్రత్యేకహక్కులను విడిచిపెట్టిరి. కన్నీరు కార్చినవారును, కౌగిలించుకొనినవారును గలరు. వేయేండ్ల వ్యవస్థ ఒక్క రాత్రిలో కూలినదని చరిత్రకారులు వర్ణింతురు.

ఈ కార్యమును మేము తక్కువచేయము. కాని విచారించువారు మూడు సంగతులను తప్పక గమనింపవలెను. మొదటిది: రెండవ కుమారుడగుటచేత వైకౌంటునకు స్వంతభూములు లేవనియే చెప్పవచ్చును. అందుచేతనే సహవాసులు పరిహాసముగా అతనిని “భూమిలేని జాన్” అని పిలుచుచుండిరి. తనకు లేనిదానిని దానము చేయుట సులభమని ఆనాడే కొందరు గొణిగిరి. రెండవది: కోటలు కాలుచుండగా జరిగిన త్యాగమిది. ఇల్లు తగులబడుచున్నప్పుడు దూలములను దానము చేయువానిని దాతయని పిలుచుటకు మనస్సు సంకోచించును. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: కప్పములకు వెల యుండవలెనని నిర్ణయింపబడెను. 1790లో చేసిన శాసనముప్రకారము, ధనరూపమున నిచ్చు కప్పమునకు ఇరువది రెట్లు, ధాన్యరూపమున నిచ్చుదానికి ఇరువదియైదు రెట్లు చెల్లించిననే గాని రైతునకు విముక్తి లేదు. అంత సొమ్ము ఏ రైతు తేగలడు? పరిహారము లేకుండ ఈ కప్పములన్నియు తొలగిపోవుటకు 1793 జూలై 17వ తేదీవరకు వేచియుండవలసి వచ్చెను.

ఇక్కడ మా ప్రశ్న స్పష్టమగుచున్నది. ఆ రాత్రి జరిగినది దానమా, ఋణవిమోచనమా? దానమైనచో గ్రహించినవాడు కృతజ్ఞుడై యుండవలెను. ఋణవిమోచనమైనచో ఇచ్చినవాడే వినయవంతుడై యుండవలెను. సభలోనివారు ఒకరినొకరు దాతలని మెచ్చుకొనిరి. అందుచేతనే దాతకు ప్రతిఫలము కోరిరి. తమ తాతలు శతాబ్దములుగా గైకొనిన శ్రమకు తాము బాకీపడియున్నామని తలచినవాడు, ఆ బాకీవలన కలుగు రాబడిని విడిచినందులకు ఇరువదియైదు రెట్లు వెల యడుగగలడా? త్యాగమను మాట ఎంత పవిత్రమైనదో, అంత మోసపుచ్చునది కూడ.

ఇంతలో కాలచక్రము తిరిగెను. 1793లో వంశజ్యేష్ఠుడగు నాలుగవ డ్యూకు లూయీ వృద్ధాప్యమున మరణించెను. అతని తమ్ముడు మార్షల్ ఫిలిప్‌ను, అతని భార్యను 1794 జూన్ 27వ తేదీన గిలటిన్ యంత్రమున కప్పగించిరి. ఆ భార్య పూర్వము మారీ ఆంత్వానెత్ రాణికి ఆస్థానమర్యాదలు నేర్పి, “మర్యాదల దొరసాని” యని రాణిచేతనే పరిహసింపబడిన స్త్రీ. పిమ్మట జూలై 22వ తేదీన మూడు తరముల స్త్రీలను ఒకేదినమున చంపిరి. డెబ్బదియేండ్ల ముసలిదగు నాలుగవ డ్యూకు భార్య, ఆమె కోడలగు అయాన్ డచెస్, ఆ డచెస్‌యొక్క పెద్దకూతురు లూయీజ్. ఈ లూయీజ్ ఆగస్టు 4వ తేదీన వెట్టిని రద్దుచేయుడని లేచి నిలిచిన ఆ వైకౌంటునకే భార్య. భర్త అప్పటికి అమెరికాలో నుండెను. కారాగారమున కుట్ర పన్నిరని వారిపై నేరము మోపిరి. ఒక క్రైస్తవ గురువు మాఱువేషమున బండివెంట నడచి, గాలివాన కురియుచుండగా దూరమునుండియే వారికి పాపవిమోచనమంత్రము చెప్పెనట. కూతురి చావును చూడక ముందే తల్లి మరణించెను. మరి యైదు దినములకు, జూలై 27వ తేదీన, రొబెస్పియర్ పతనమయ్యెను.

ఈ స్త్రీలు చేసిన యపరాధమేమి? అయాన్ డచెస్ దైవభక్తియు, పేదలయెడ దయయు గలదని ప్రసిద్ధి చెందెను. ఆమె శిరస్సును ఖండించినది ఆమె చేసిన పని కాదు, ఆమె పేరు. పుట్టుకచేత మనుష్యుడు పూజ్యుడని రాజులు చెప్పిరి. పుట్టుకచేత మనుష్యుడు వధ్యుడని విప్లవకారులు చెప్పిరి. మాటలు వేరైనను సూత్రమొక్కటే. మనుష్యుని ఆచరణమును చూడక జన్మపత్రికను చూచుటయే ఆ సూత్రము. వంశఋణము కలదని మేము చెప్పినందున, ఆ ఋణమునకై వారసుని రక్తమును వసూలు చేయవచ్చునని యర్థము కాదు. ఋణము తీర్చుమని యడుగుట న్యాయము. ఋణస్థుని చంపుట న్యాయము కాదు. చంపినందున ఋణము తీరుటయు లేదు. పాత కోటలకు బదులు కొత్త కొరతమ్రానులు లేచినంతమాత్రమున రైతు గాదెలో గింజ పెరుగదు.

వైకౌంటు కథ ఇంకను మిగిలియున్నది. దానిని దాచుట సత్యమునకు ద్రోహము. అతడు అమెరికాలో కొంతకాలము వ్యాపారము చేసి, పిమ్మట కరేబియన్ సముద్రమునందలి సాన్ డొమింగ్ ద్వీపమున ఫ్రెంచిసేనలో చేరెను. ఆ ద్వీపమున ఆఫ్రికాజాతి బానిసలు తిరుగబడి స్వాతంత్ర్యము సంపాదించుకొనిరి. వారిని మరల లొంగదీయుటకై నెపోలియన్ సేనను పంపెను. 1803లో, ఆ నల్లవారిపై ఉసికొల్పుటకు వేటకుక్కలను కొనితెచ్చుటకై క్యూబాకు పంపబడినవాడు ఈ నొవాయ్ దొరయే. ఫ్రెంచిసేన ఓడిపోయిన పిమ్మట అతడు ద్వీపము విడిచిపోవుచు, ఒక ఆంగ్లనౌకతో జరిగిన పోరాటమున గాయపడి, 1804 జనవరిలో హవానా నగరమున మరణించెను. ఆ నెల మొదటి దినముననే సాన్ డొమింగ్ ప్రజలు హైతీ యను పేర స్వతంత్రరాజ్యమును ప్రకటించుకొనిరి.

ఎంత విపరీతము! లిమూజాన్ రైతు వెట్టిచేయరాదని వాదించిన కంఠమే, చెరకుతోటలో బానిస వెట్టి మానరాదని జరిగిన యుద్ధమున ఆజ్ఞలిచ్చెను. అతడు కపటి యనుట సులభము. మాకట్లు తోచదు. ఆ రాత్రి యతడు నిజముగానే కదిలియుండును. కాని ఒక రాత్రి యావేశము వేరు, జీవితకాలపు దృష్టి వేరు. బిరుదమును విడువవచ్చును, ఇతరులు తనకొరకు పుట్టిరను భావమును విడుచుటయే కష్టము. అది దస్తావేజులో లేదు గనుక దానిని ఏ శాసనమును రద్దుచేయజాలదు.

ఈ యింటనే పుట్టిన మరియొకరి చరిత్రను దీనిప్రక్క నుంచి చూతము. అయాన్ డచెస్‌యొక్క రెండవ కూతురు ఆద్రియెన్. ఆమె 1774లో లఫాయెట్ దొరను వివాహమాడెను. 1785 ప్రాంతమున ఆ దంపతులు దక్షిణామెరికాలోని కయెన్ సీమలో తోటలను, వానితోకూడ బానిసలను, కొనిరి. కొన్నది అనుభవించుటకు కాదు. క్రమక్రమముగా విడిపించుట సాధ్యమని లోకమునకు చూపుటకు. ఆ జనులకు కూలి యియ్యవలెననియు, చదువు చెప్పవలెననియు, వారిని మరల విక్రయింపరాదనియు నియమించిరి. దీనికి సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరములను, విద్యావిషయమును ఆద్రియెన్ శ్రద్ధతో చూచుచుండెను. ఒక్కసారిగా విడిపింపక క్రమమును పాటించుట లోపమేయని నేడు మనము చెప్పవచ్చును, చెప్పవలెను కూడ. 1792లో లఫాయెట్ ఆస్తి జప్తు కాగా ఆ సంకల్పము నడుమనే చెడిపోయెను. అయినను అందొక విశేషము కలదు. ఎవరును కోట తగులబెట్టకముందు, ఎవరును చప్పట్లు కొట్టకముందు, ఋణముండునేమో యని తమంతట తాము లెక్క చూచుకొన నారంభించిన మనస్సు అది.

తల్లిని, అక్కను, నాయనమ్మను చంపిన దినమున ఆద్రియెన్ పారిస్‌లో మరియొక చెరసాలలో నుండెను. 1795 జనవరిలో విడుదలయైన పిమ్మట ఆమె కుమారుని అమెరికాకు పంపి, ఇరువురు కూతుండ్రను వెంటబెట్టుకొని వియన్నాకు పోయి, ఆస్ట్రియా చక్రవర్తిని దర్శించి, ఒక్క వరము కోరెను. ఓల్ముట్స్ కోటలో బంధింపబడియున్న భర్తతో తానును బంధింపబడుటయే ఆ వరము. 1795 అక్టోబరు మొదలు 1797 సెప్టెంబరు వరకు ఆ చెరలో నుండి, ఆరోగ్యము చెడినను, చికిత్సకై బయటికి పోయినచో తిరిగి రానీయమనగా చికిత్సనే మానుకొనెను. ఆ జబ్బుతోనే 1807 డిసెంబరు 24వ తేదీన మరణించెను.

కాని మా విషయమునకు అంతకంటె ముఖ్యమైన ఘట్టము వేరొకటి యున్నది. తిరిగివచ్చిన పిమ్మట ఆద్రియెన్, ఆమె చెల్లెలు మొంతగ్యూ దొరసాని, తమ తల్లిని పాతిపెట్టినచోటు తెలిసికొన గోరిరి. మార్షళ్ళ మనుమరాండ్రకు ఆ చోటు తెలియదు. దానిని చూపగల బంధువొక్కడును లేడు. తుదకు చూపినది లేసు బాగుచేసి బ్రతుకు ఒక పేద యువతి. ఆమె తండ్రియు, సోదరుడును అదే యంత్రమున మరణించిరి. వారి శవముల బండివెంట నడచిపోయి, పిక్‌పూస్ అనుచోట పాడుపడిన మఠపు తోటలో త్రవ్విన గోతిని ఆమె చూచియుండెను. డచెస్ పుత్రికలు ఆమెవెంట నడచిపోయి ఆ మట్టియెదుట నిలిచిరి. వారి కృషివలన, చందాలవలన, ఆ ప్రదేశము రక్షింపబడెను. తరువాత ఆద్రియెన్‌ను అచ్చటనే సమాధిచేసిరి. 1834లో లఫాయెట్‌ను ఆమెప్రక్కనే యుంచిరి.

ఆ గోతులలో 1306 శవములు కలవు. అన్నియు 1794 జూన్ 14 మొదలు జూలై 27 వరకు, ఆరు వారములలో పడినవి. వానిలో కులీనులవి 159 మాత్రమే. ఏడువందలకు పైబడినవి సామాన్యులవి. ప్రభువులను నిర్మూలింప బయలుదేరిన కత్తి దర్జీలను, పనివాండ్రను, సేవకులనే యధికముగా నరికినది. ప్రార్థనాలయపు గోడలపై అందరి పేళ్ళును వరుసగా చెక్కియున్నారు; అచ్చట పెద్దచిన్నల భేదము లేదు. గోతికి ప్రక్కనున్న శ్మశానముమాత్రము చనిపోయినవారి వంశీయులకే కేటాయింపబడినది. అందలి సమాధులపై నున్నవి మిక్కిలిగా కులీనుల పేళ్ళే. ఎముకలు కలసిపోయినచోటికి పదియడుగుల దూరమున పేళ్ళు మరల విడిపోయినవి. వంశగౌరవ మెంత మొండిదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఆ వంశము అంతరింపలేదు. తరువాతి తరములలో చరిత్రకారులును, కళాపోషకులును పుట్టిరి. కోడలుగా వచ్చిన ఆన్నా ద నొవాయ్ కవయిత్రిగా కీర్తి నందెను. రెండవ ప్రపంచయుద్ధమున అయాన్ డ్యూకు బిరుదముగల జాఁ ద నొవాయ్ నాజీలను రహస్యముగా ప్రతిఘటించి, పట్టుబడి, 1945 ఏప్రిల్‌లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధశిబిరమున మరణించెను. అచ్చట అతని ప్రక్కనున్నవారు కూలీలు, గుమాస్తాలు, యూదులు. ఆ మరణమున బిరుదమునకు పనిలేదు. పూర్వము ఆన్ జూల్ దొర రాజాజ్ఞపై పరమతస్థులను హింసించెను. రెండువందలయేబది యేండ్లు దాటిన పిమ్మట అదే వంశజుడు, జాతిమతద్వేషమే శాసనమైన రాజ్యము నెదిరించి, ఆ ద్వేషమునకు గురియైనవారి నడుమ ప్రాణము విడిచెను. ఈ రెండింటిని కలిపి లెక్కవేయుట మానవులకు శక్యము కాదు. కాని ఋణము తీర్చుట యనగా ఎట్టిదో కొంత తెలియుచున్నది.

వంశాభిమానము మనుష్యుని నీచకార్యములనుండి కాపాడునని కొందరు వాదింతురు. అది కొంతవరకు నిజమే. “మా తాతలు ఇట్లు చేయలేదు” అను తలంపు ఎందరినో నిలిపినది. కాని “మా తాతలు చేసినది ఎవరి భుజములపై?” అను రెండవ తలంపు దానివెంట లేనిచో, ఆ యభిమానము సగము చదివిన దస్తావేజువంటిది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మనవారు మూడు ఋణములను లెక్కించిరి. పితరులకు మనము పడిన ఋణమును గూర్చి వారు చెప్పిరి. పితరులు పరులకు పడి, తీర్చక, మనకు విడిచిపోయిన ఋణమును గూర్చి మనమే యాలోచింపవలసియున్నది. దానిని సభలో ఒక్క రాత్రి ప్రకటనతో తీర్చలేము. పుట్టినవారి తలలు తీసి తీర్పించలేము. ఎవరికి బాకీపడితిమో వారి ముఖమును గుర్తించి, దానమని పేరుపెట్టక, మెప్పు కోరక, దినదినమును చెల్లించుటయే మార్గము. లేసుపని చేయు పడుచు దారి చూపగా వెనుక నడచిన ఆ డచెస్ పుత్రికలకు ఆ సంగతి ఆ దినమున బోధపడియుండును.